రొయ్యల మీద నింద

తెల్లవారుజాము మూడున్నర. ధనుర్మాసం చలి. వసారాలో దుప్పటి ముసుగుతన్ని పడుకున్న నన్ను అమ్మ భుజం పట్టి కుదుపుతోంది. "ఒరేయ్, ఒక్కసారి లే" అంటోంది కాబోలు. నాకు మాత్రం మాట ముద్దముద్దగా వినపడుతోంది. రెండు బుగ్గల్లోనూ కిళ్లీ కుక్కుకుని మాట్లాడుతున్నట్టుంది. అమ్మకు కిళ్లీ అలవాటే లేదు.

లైటు వేస్తాను. పైపెదవి ఎడమ సగం ముక్కు కిందికి వచ్చేలా ఉబ్బి ఉంది. కుడి సగం రోజూ ఉన్నట్టే ఉంది. ఒకే పెదవి ఇద్దరు మనుషులదిలా ఉంది. ఎరుపు లేదు, దద్దుర్లు లేవు. చర్మం మాత్రం గాలి నింపిన బుడగలా బిగిసి మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడటం లేదు.

"దురదగా ఉందా?"

తల అడ్డంగా ఊపుతుంది.

"నొప్పా?"

"లేదు. బిగుతు." ఆ ఒక్క మాట కోసం పెదవిని చాలా దూరం లాక్కొచ్చినట్టు కష్టపడింది.

ఈలోపు అత్తయ్య లేచి వచ్చి, చీర కొంగు చెవుల చుట్టూ బిగించుకుంటూ మంచం పట్టె మీద కూర్చుంది. నాన్న చెల్లెలు. పండగ నెల పెట్టిందంటే ఇక్కడే ఉంటుంది. "మళ్లీ రొయ్యలేనా వదినా?" అంది.

మళ్లీ అనడానికి కారణం ఉంది. నెల కిందట ఒక ఆదివారం ఇదే పెదవి ఇలాగే వాచింది, ఇంత కాదు గానీ. ఆ రోజు కూర రొయ్యలు. రెండో రోజుకు వాపు దానంతటదే తీసేసింది. ఇంటిల్లిపాదీ కూర్చుని తీర్పు చెప్పేశాం, రొయ్యలు పడలేదని. ఆరు పదులు దాటిన మనిషి చిన్నప్పటినుంచీ తింటున్న రొయ్యలు ఆ రోజు నుంచి వంటింట్లోకి రావడం మానేశాయి.

"రాత్రి బెండకాయ పులుసు కదా అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య కాసేపు ఆలోచించి, "పక్కింటి వాళ్లు వండుంటారు. ఆ వాసన పడుండదు" అంది. నింద ఒకసారి పడ్డాక దింపుకోవడం రొయ్యలకైనా కష్టమే.

నాలుగు గంటలు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గారు మఫ్లర్ చుట్టుకుని బండి మీద వచ్చారు. టార్చి వేసి పెదవి చూశారు, "ఎలర్జీ" అన్నారు. రెండు ఇంజక్షన్లు చేశారు. ఒకటి ఎవిల్, ఒకటి డెక్సా. "అరగంటలో లాగేస్తుందమ్మా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేం. కందిరీగ కుట్టి దద్దుర్లెక్కిన వాళ్లు, ఏ మాత్రో పడక గీరుకుంటూ వచ్చిన వాళ్లు ఈ రెండు ఇంజక్షన్లతోనే తేరుకోవడం ఊరంతా చూసింది. ఆయన అడగని ప్రశ్న ఒకటే. ఆ ప్రశ్న మాకూ తట్టలేదు.

నాలుగున్నర. రామాలయం మైకు మేలుకుంది, తిరుప్పావై మొదలైంది. రోజూ ఈ వేళకు అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు గిన్నెతో కూర్చునేది. ఇవాళ వాకిలి పొడిగా ఉంది. అమ్మ మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. పడుకోమంటే వద్దంటోంది. అరగంట గడిచింది. ఇప్పుడు పెదవి మొత్తం వాచింది. నాలుక బయట పెట్టమన్నాను. పెట్టలేకపోయింది. కనిపించిన మేరకు నాలుక అంచున పళ్ల అచ్చులు వరసగా పడి ఉన్నాయి. నోట్లో నాలుకకు చోటు చాలడం లేదు.

ఒళ్లో తువ్వాలు తడిసిపోయి ఉంది. చొంగ. అమ్మ ఉమ్మి మింగలేకపోతోంది.

అప్పుడు భయమేసింది. 108కు ఫోన్ చేశాను.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ మూడంకెలు ఇప్పుడు మా ఊళ్లో పలక పట్టని పిల్లలకు కూడా తెలుసు. బండి వచ్చేసరికి అయిదు దాటింది. మంచు దట్టంగా దిగింది. చేల గట్ల మీద వరి కుప్పలు ఎవరో కూర్చున్నట్టు నల్లగా కనిపిస్తున్నాయి. స్ట్రెచరు దించబోతుంటే బండిలో వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు అమ్మను ఒక్క చూపు చూసి, "పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టే తీసుకెళ్దాం" అన్నాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టాడు. ఫోన్లో డాక్టరుతో మాట్లాడి తొడకు ఒక ఇంజక్షన్ చేశాడు. అది ఎడ్రినలిన్. ఫోన్ పెట్టేసి డ్రైవరుతో, "గొంతు వైపు పోతోందన్నా. ఐసీయూ ఉన్నచోటికే. బెజవాడ" అన్నాడు.

గుడివాడ దాటాం. దీపాలు వేసినా పది గజాల రోడ్డే కనిపిస్తోంది. కుర్రాడు రాసుకుంటూ అడుగుతున్నాడు.

"షుగరుందా?"

"ఉంది."

"బీపీ?"

"ఉంది. నాలుగేళ్లుగా మందులు వాడుతోంది. ఒక్క పూట తప్పదు."

"ఏం మందులండీ?"

నాన్న ఒళ్లో బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. అది మా ఇంటి మందుల డబ్బా. తాళం వేసేటప్పుడు ఎందుకో చేతికి తగిలితే తెచ్చాడు. మూత తీయకుండానే చెప్పాడు. "పొద్దున పసుపుపచ్చది ఒకటి. టిఫినుకు ముందు పెద్ద తెల్లది. రాత్రికి చిన్నది, నడిమికి గీత ఉంటుంది చూడండి, అది."

కుర్రాడు పెన్ను ఆపాడు. మా ఇంట్లో మందులకు రంగులున్నాయి, వేళలున్నాయి, గీతలున్నాయి. పేర్లు లేవు.

కంకిపాడు. పోరంకి. తెల్లారుతోంది. మాస్కు లోపల అమ్మ ఊపిరికి సన్నటి కూత తోడైంది. ఈల కాదు, గురక కాదు. సందులేని తలుపు కింద నుంచి గాలి దూరుతున్న చప్పుడు.

క్యాజువాలిటీ. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు ముప్పయ్యేళ్లు ఉండవు. పరుగెత్తడం లేదు గానీ చేతులు మాత్రం ఆగడం లేదు. నాడి పట్టుకుంటూనే నోట్లోకి లైటు వేసింది, నాలుక కింద మెత్తటి చోటును వేలితో తాకి చూసింది, మెడ కింద తడిమింది, చేతులూ పొట్టా తిప్పి చూసి దద్దుర్లు వెతికింది.

"అమ్మా, గట్టిగా 'ఈ' అనండి. సన్నటి గొంతుతో, పిల్లల్లా."

అమ్మ ప్రయత్నించింది. బొంగురుగా ఏదో వచ్చింది, 'ఈ' రాలేదు. డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి, "ఎనస్తీషియా సార్‌ని లేపండి. ఈఎన్‌టీకి కూడా ఫోన్ చేయండి. ఇప్పుడే" అంది. పై స్వరం పలకడం లేదంటే వాపు స్వరపేటిక దాకా చేరిందేమోనని భయపడాలట. తర్వాత చెప్పింది.

"దురద అసలు లేదా? నిన్న కొత్తగా ఏమైనా తిన్నారా? పురుగు కుట్టిందా? పన్ను పీకించారా?"

అన్నింటికీ లేదనే చెప్పాం. నెల కిందటి రొయ్యల సంగతి అత్తయ్య చెప్పమన్నట్టుగానే చెప్పాను. ఆమె పట్టించుకోలేదు. "ఎవిల్, స్టెరాయిడ్, ఎడ్రినలిన్. మూడూ పడ్డాయి. ఏదీ అందుకోలేదు" అని తనలో తాను అనుకుని, నాన్న ఒళ్లో డబ్బా వైపు చెయ్యి చాపింది.

మూత ఊడింది. దగ్గు మందు సీసాల మూతలు, ఎప్పటివో బిల్లులు, రబ్బరు బ్యాండు చుట్టిన బిళ్ళల పట్టీలు. నడిమికి గీతున్న బిళ్ళ పట్టీని ఆమె తీసి దీపం కింద పట్టింది. మెడికల్ షాపులో పది బిళ్ళల పట్టీని కత్తెరతో నాలుగూ ఆరుగా కోసిస్తారు కదా, ఆ కోతలో పేరు సగం పోయింది. వెండి రేకు మీద ముందున్న అక్షరాలు షాపులోనే మిగిలిపోయాయి. మాకు వచ్చిన ముక్క మీద ఉన్నది 'ప్రిల్' ఒక్కటే. దాని పక్కన 5 ఎంజీ.

ఆ చివరి అక్షరాల మీద ఆమె వేలు ఆగింది.

"నాలుగేళ్లుగా ఇదేనా?"

"ఇదే" అన్నాడు నాన్న.

"పొడి దగ్గు ఉంటుందా?"

నాన్న ఆశ్చర్యంగా చూశాడు. "నాలుగేళ్లుగా ఉంది. రాత్రిళ్లు ఎక్కువ. పోపు ఘాటని, వరి దుమ్మని... సీసాలు సీసాలు తాగించాం."

"షుగరు మందు ఏమైనా మార్చారా ఈమధ్య?"

మార్చారు. రెండు నెలలైంది. పసుపుపచ్చది అప్పుడు వచ్చిందే. ఆమె ఆ పట్టీ కూడా చదివింది. విల్డాగ్లిప్టిన్.

"ఇది తిండి ఎలర్జీ కాదు. బీపీ మాత్ర వల్ల వచ్చిన వాపు. యాంజియోఎడిమా అంటారు" అంది. "ఇంకో డోసు ఎవిల్ ఇస్తూ కూర్చుంటే గొంతు మూసుకుపోతుంది. ముందు ఊపిరికి దారి వేసుకోవాలి. ఇక్కడ సంతకం పెట్టండి."

కాగితం మీద, అవసరమైతే మెడకు ముందువైపు రంధ్రం చేయాల్సి రావచ్చని ఉంది. నాన్న కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు. తొందరలో ఇంట్లో మరిచిపోయాడు. నేను పెట్టాను.

తలుపుకు చిన్న అద్దం ఉంది. దాంట్లోంచి చూస్తున్నాను. మత్తు డాక్టరు గారికి యాభై ఉంటాయి, నిద్ర కళ్లు. కానీ ఆయన మత్తు ఇవ్వడం లేదు. మత్తిస్తే కండరాలు వదిలేస్తాయి, ఉన్న ఆ కాస్త దారీ కూలిపోతుంది. అందుకని మెలకువగానే, కూర్చున్న మనిషి ముక్కులో మొద్దుబారే మందు కొట్టి, చివర దీపమున్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి లోపలికి జార్చుతున్నాడు. ఆయన చూపు అమ్మ మీద లేదు, పక్కనున్న తెర మీద ఉంది. అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఈఎన్‌టీ డాక్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముందు పళ్లెంలో కత్తి, గొట్టం. అమ్మ మెడ మీద నల్ల పెన్నుతో అంగుళం గీత గీసి ఉంది. ఇటు గొట్టం పోకపోతే అటు కోత. వెతుక్కునే వ్యవధి ఉండదని ముందే గీసి పెట్టుకున్నారు.

ఎంతసేపైందో తెలీదు. మత్తు డాక్టరు గారు తల ఎత్తి బొటనవేలు చూపించారు. ఈఎన్‌టీ డాక్టరు చేతులు విప్పుకున్నాడు. ఆ గీత గీతగానే మిగిలిపోయింది.

ఇప్పుడు రక్తనిధి. డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది, ప్లాస్మా రెండు యూనిట్లు. అక్కడ ఫ్రీజరులోంచి తీసిన లేత పసుపు సంచులు రాయిలా ఉన్నాయి. వాటిని 37 డిగ్రీల నీళ్ల తొట్టిలో వేశారు, కరిగే దాకా కూర్చోమన్నారు. కూర్చున్నాను. నీళ్లలో ఆ సంచి నెమ్మదిగా మెత్తబడుతుంటే నాకు ఒకటే ప్రశ్న. నాలుగేళ్లు తల్లిలా కాచిన మాత్ర ఇవాళెందుకు తిరగబడింది?

జవాబు డాక్టరమ్మే చెప్పింది, ఆ పూటా మర్నాడూ ముక్కలు ముక్కలుగా. మేం డెల్టా మనుషులం కాబట్టి నేను దాన్ని మా కాలవ భాషలోకి మార్చుకున్నాను.

ఒంట్లో ఏస్ అనే ఎంజైము ఉంటుంది. లాకుల దగ్గర లస్కరు లాంటిది అనుకోండి. దానికి రెండు పనులు. ఒకటి, రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేయడం. అంటే తలుపులు దించి కాలవలో నీటి మట్టం పెంచడం. రెండో పని ఎవరికీ కనిపించదు. గట్టుకు బొరియలు పెట్టే ఎండ్రకాయల్ని ఎప్పటికప్పుడు ఏరి పారేయడం. ఆ ఎండ్రకాయ పేరు బ్రాడికైనిన్. అది నాళాలను వదులు చేస్తుంది, గోడల సందులు తెరిచి నీటిని బయటికి ఊరనిస్తుంది. మితంగా ఉంటే మంచిదే.

బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు మనం ఆ లస్కరును ఇంట్లో కూర్చోబెడతాం. ప్రిల్ మాత్రల పని అదే. తలుపులు దించేవాడు లేడు, మట్టం తగ్గింది, గుండెకూ కిడ్నీకీ మేలు. కానీ ఎండ్రకాయల్ని ఏరేవాడు కూడా లేడు. చాలామందికి ఏమీ కాదు, వాటిని పట్టే చేతులు ఒంట్లో ఇంకొన్ని ఉన్నాయి. గ్లిప్టిన్ రకం షుగరు మందు అలాంటి ఇంకో చేతిని కట్టేస్తుంది. డీపీపీ-4 అనే ఎంజైమది. అమ్మ విషయంలో రెండు చేతులూ ఒకేసారి ఆగాయి. గట్టుకు బుంగ పడింది. పెదవి, నాలుక, గొంతు, చర్మం మెత్తగా వదులుగా ఉన్న చోటల్లా నీరు ఊరింది. కొందరికి పేగుల్లో ఊరుతుందట. మెలితిప్పే కడుపు నొప్పితో వస్తారు, పెదవి మామూలుగానే ఉంటుంది, కారణం ఎవరికీ తట్టదు.

దురద ఎందుకు లేదో, ఎవిల్ ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. దురదా దద్దుర్లూ హిస్టమిన్ చేసే పని. ఎవిల్ హిస్టమిన్‌కు అడ్డు నిలుస్తుంది. ఇక్కడ హిస్టమినే లేదు. ఎలుకల మందు పెట్టి ఎండ్రకాయలు చావలేదేమని చూస్తూ కూర్చున్నాం.

మరి ప్లాస్మా ఎందుకంటే, దాత రక్తంలో ఆ ఎంజైము పనిచేస్తూ ఉంటుంది. అరువు లస్కరన్నమాట. ఇది కొందరు రోగుల్లో ఫలించిన అనుభవమే గానీ పెద్ద పరీక్షల్లో నిగ్గుతేలింది కాదని ఆమె దాచకుండా చెప్పింది. బ్రాడికైనిన్‌కే తాళం వేసే ఇకాటిబాంట్ అనే ఇంజక్షన్ ఉంది. 2015లో జర్మనీ డాక్టర్లు 27 మంది మీద పరీక్షిస్తే వాపు సగటున 8 గంటల్లో పూర్తిగా తీసింది, పాత మందులతో 27 గంటలు పట్టింది. రెండేళ్ల తర్వాత 121 మందితో చేసిన ఇంకో పరీక్షలో మాత్రం తేడా కనిపించలేదు. ఖరీదైన మందు. ఆ ఉదయం ఆ ఆసుపత్రి ఫార్మసీలో లేనూ లేదు. నమ్మకంగా పనిచేసేవి రెండే. ఊపిరి గొట్టం, కాలం. మాత్ర ఆపితే ఒకటి నుంచి మూడు రోజుల్లో వాపు దానంతటదే దిగుతుంది. ఆ లోపు ఊపిరి ఆడేలా చూసుకోవాలి.

ఐసీయూ బయట వరండాలో కుర్చీలున్నాయి. మధ్యాహ్నానికి అత్తయ్య బస్సు దిగి క్యారియరుతో వచ్చింది. జరిగింది చెప్పాను. సాంతం విని, "పాము కాటుకు కదరా ఇలా గొంతు వాచి నోరు పడిపోయేది" అంది.

అత్తయ్య ఊరికే అన్న మాటే గానీ, ఆ మాత్ర పుట్టుక నిజంగానే పాము దగ్గర ఉంది. బ్రెజిల్లో జరారాకా అనే రక్తపింజర జాతి పాము ఉంది. 1948లో సావో పాలోలో రోషా ఇ సిల్వా అనే శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి, దాని విషాన్ని రక్తద్రవంలో కలిపి చూస్తున్నాడు. అందులోంచి పుట్టిన ఒక పదార్థం గినీపంది పేగు ముక్కను నిదానంగా ముడుచుకునేలా చేసింది. నిదానంగా కదిలించేది గనక గ్రీకులో బ్రాడికైనిన్ అని పేరు పెట్టారు. 1965లో ఆయన శిష్యుడు సెర్జియో ఫెరీరా అదే విషంలో బ్రాడికైనిన్‌ను విరగనీయకుండా కాపాడే ముక్కలున్నాయని కనిపెట్టి, లండన్లో జాన్ వేన్ ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు. అమెరికాలో స్క్విబ్ కంపెనీ శాస్త్రవేత్తలు కుష్‌మన్, ఒండెట్టి ఆ కిటుకును నోటితో మింగే మందుగా మలిచారు. అదే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, రామిప్రిల్, పెరిండోప్రిల్ అన్నీ దాని తోబుట్టువులే. ఇంటిపేరు చివర ఉంటుంది.

అంటే పాము విషం చేసే పనిని చిటికెడంత చేసి, రక్తపోటును అదుపులో పెట్టే మాత్ర అది. దానికి ఎంతమంది రుణపడి ఉన్నారో చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2000లో వెలువడిన హోప్ అనే పరీక్షలో 9,297 మందిని చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే రామిప్రిల్ వేసుకున్నవాళ్లలో 22 శాతం తగ్గాయి. ఈ వాపు వచ్చేది వేసుకున్న వెయ్యిమందిలో ఒకరికో, మహా అయితే ఏడుగురికో. పొగ తాగేవాళ్లకు, ఆడవాళ్లకు, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకు కాస్త ఎక్కువ. సాధారణంగా మొదలుపెట్టిన తొలి వారాల్లో వస్తుంది. నెలలకూ రావచ్చు, ఏళ్లకూ రావచ్చు. మనల్ని పప్పులో కాలేయించేది ఈ ఆఖరి మాటే. నాలుగేళ్లుగా పడుతున్న మందును ఎవరు అనుమానిస్తారు? దొంగతనం జరిగితే నిన్న వచ్చిన చుట్టాన్ని చూస్తాం గానీ ఇంట్లో తిరిగే పెద్దమనిషిని చూడం.

ఈ వాపే ఒక కొత్త మందును బజారుకు రాకుండా ఆపింది కూడా. ఒమాపట్రిలాట్ అని, ఏస్‌తో పాటు ఇంకో ఎంజైమును కూడా కట్టడి చేసే మందు. బీపీని బ్రహ్మాండంగా తగ్గించింది. పాతిక వేల మందిపై చూస్తే ఎనలాప్రిల్‌తో వాపు వచ్చినవాళ్లు నూటికి 0.68, దీనితో 2.17. అక్కడితో దాని కథ ముగిసింది.

రెండో రోజు సాయంత్రం నన్ను లోపలికి రానిచ్చారు. ముక్కులో గొట్టం, అయినా కళ్లు తెరిచే ఉంది. నాలుక నోట్లో ఇమిడింది. పెదవి ఒక అంచున ఇంకా కాస్త బరువుగా ఉంది. నన్ను చూసి చేత్తో రాసే సైగ చేసింది. నర్సు అట్టముక్క, పెన్ను అందించింది. చెయ్యి వణుకుతూ, అక్షరం మీద అక్షరం పడుతూ, అమ్మ రాసింది చదివాను.

"నిన్న రాత్రి బిళ్ళ వేసుకోలేదు. బీపీ పెరుగుద్దేమో."

డాక్టరమ్మ నా భుజం మీదుగా చదివింది. నవ్వలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, "పెరగనివ్వనమ్మా. కానీ ఆ బిళ్ళ ఇంక వద్దు. ఎప్పటికీ వద్దు" అంది.

ఆ రాత్రి గొట్టం చివరి బుడగలో గాలి తీసి, గొట్టం పక్కనుంచి ఊపిరి శబ్దం వస్తోందా అని చెవిపెట్టి విన్నారు. వచ్చింది. దారి తెరుచుకుంది. తెల్లారాక గొట్టం తీసేశారు. అమ్మ బొంగురు గొంతుతో మొదట అడిగింది మంచినీళ్లు.

డిశ్చార్జి రోజు. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: ఏస్ ఇన్‌హిబిటర్లు ఇవ్వరాదు, జీవితాంతం. డాక్టరమ్మ కొత్త బిళ్ళ చూపించింది, ఎమ్లోడిపిన్. "దీనికీ వాపు రావచ్చు, కంగారు పడకండి. అది పాదాలకు, చీలమండలకు వస్తుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది. ఇబ్బందే గానీ ప్రాణం మీదికి రాదు, వచ్చి చూపించండి చాలు. ముఖం, పెదవి, నాలుక వాస్తే మాత్రం ఎదురుచూడొద్దు. ఆ పూట మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికే. మానేసిన తర్వాత కూడా కొన్ని వారాలు జాగ్రత్త, ఇంకోసారి రావచ్చు." తెల్మిసార్టాన్ లాంటి సార్టాన్‌లు తర్వాత ఎప్పుడైనా అవసరమైతే డాక్టరు కనిపెట్టుకుని ఇవ్వొచ్చంది. గ్లిప్టిన్ కూడా తీసేసింది. నాన్న వైపు తిరిగి, "ఇది విని పక్కింటివాళ్ల చేత బీపీ మాత్రలు మాన్పించకండి. వెయ్యిమందిలో మిగతా వాళ్లను కాపాడేది అదే" అని గట్టిగా చెప్పింది.

మేం లేవబోతుంటే ఆగమని ఒక ఫారం తీసింది. మందు వల్ల జరిగిన హానిని నమోదు చేసే ఫారం. ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దేశమంతటి నుంచీ ఇవి సేకరిస్తుంది. రోగులే స్వయంగా చెప్పాలన్నా 1800 180 3024 అనే ఉచిత నంబరుంది. పేరు బదులు పొడి అక్షరాలు, వయసు, మందు, మోతాదు, ఎన్నాళ్లుగా. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా" అన్న చోట ఆమె పెన్ను ఆగింది. నా వైపు చూసింది.

"జరిగింది. నెల కిందట. రొయ్యలనుకున్నాం."

రాసుకుంది. నెల రోజులపాటు మేం ఆపాల్సినది రాత్రి రాత్రీ వేసి, తినాల్సినది ఆపేశాం.

మూడు వారాలైంది. ఇంట్లో రెండు మార్పులు. మందుల డబ్బా మూత మీద నేను తెల్ల కాగితం అంటించాను. ప్రతి బిళ్ళకూ పేరు, రంగు, వేళ. అడుగున 'ప్రిల్' అని రాసి ఎర్రగా కొట్టివేత. మెడికల్ షాపులో నాన్న కత్తెర పట్టుకున్న కుర్రాడితో రోజూ తగువే: "పేరు కొయ్యకు బాబూ. కొయ్యాల్సొస్తే పూర్తి పట్టీ ఇవ్వు." రెండో మార్పు మాకు కొన్నాళ్లు అంతుబట్టలేదు. రాత్రిళ్లు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది, ఏదో వెలితి. ఒక రాత్రి నాన్న చీకట్లో అన్నాడు, "మీ అమ్మ దగ్గడం లేదురా."

ఇవాళ ఆదివారం. డాక్టరమ్మను అడిగే తెచ్చాను. వంటింట్లో రొయ్యలు ఉల్లిపాయతో వేగుతున్నాయి. అత్తయ్య ఒలిచిపెట్టింది గానీ మొహం మీద నమ్మకం లేదు. అమ్మకు వడ్డించింది. అమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నాన్న, నేను, అత్తయ్య ముగ్గురం కంచాల్లో చేతులాపి ఆ పైపెదవినే చూస్తున్నాం.

అమ్మ నమిలింది. మింగింది. ఇంకో ముద్ద కలుపుతూ తలెత్తకుండానే అంది.

"నా మూతి తర్వాత చూద్దురుగానీ, ముందు మీ కంచాలు చూసుకోండి. చల్లారిపోతున్నాయ్."